కట్టని ఇళ్ళ బేరం

వెండెల్ మెక్‌లారిన్ ముప్పయ్యేళ్ళుగా దాణా, విత్తనాలు, కంచె తీగ అమ్ముతున్నాడు. ఇన్నేళ్ళలో అతనికి అర్థం కాని బేరం ఒక్కటీ తగల్లేదు. దాణా కొనేవాడు కోళ్ళ కోసం కొంటాడు. కంచె తీగ కొనేవాడు పక్కవాడి ఆవుల మీద కోపంతో కొంటాడు. కొనేవాడికి ఏం కావాలో కనిపెడితే ధర దానంతటదే తేలుతుందనేది అతని లెక్క. మార్చి నెలలో ఒక పొద్దున టెస్ రెన్‌ఫ్రో కొట్లోకి వచ్చి చెప్పిన బేరంలో మాత్రం కొనేవాళ్ళకు ఏం కావాలో అతనికి అంతు చిక్కలేదు.

టెస్ ఆ చుట్టుపక్కల అడవుల్ని కాపాడే సంస్థ మనిషి. నలభై దాటి ఉంటుంది, బూట్లనిండా ఇసుక, జుట్టులో పైన్ ఆకులు. వెండెల్‌కీ అతని అక్కకీ ఉమ్మడిగా ఉన్న పైన్ అడవి ఆర్మీ వాళ్ళ శిక్షణ మైదానం కంచెకు ఆనుకుని ఉంది. దాని గురించి మాట్లాడటానికి వచ్చింది. తన సంస్థా ఆర్మీ కలిసి డబ్బు ఇస్తాయంది. భూమి మాత్రం అక్కాతమ్ముళ్ళదే. రాలిన పైన్ ఆకు పోగుచేసి అమ్ముకోవచ్చు, పద్ధతిగా కలప కొట్టుకోవచ్చు, దుప్పుల వేట ఆడుకోవచ్చు, భూమినే ఇంకొకరికి అమ్ముకోవచ్చు. ఒక్కటే షరతు. అక్కడ కొత్తగా ఇళ్ళు కట్టకూడదు, ఇంకెవర్నీ కట్టనివ్వకూడదు, ఇప్పుడూ, ఆ తర్వాత ఎప్పుడూ. రెండు మూడేళ్ళకోసారి అడవికి నిప్పు పెట్టి అడుగున పెరిగే పొదల్ని కాల్చనివ్వాలి.

వెండెల్ అప్పుడు ఒక ముసలాయన కోసం ఆకుకూర విత్తనాలు తూస్తున్నాడు. తూచినవే మళ్ళీ తూచాడు.

"మరి మీరు పట్టుకుపోయేదేమిటమ్మా?" అని అడిగాడు.

"ఏమీ పట్టుకుపోం."

"అయితే డబ్బు దేనికి?"

"కట్టని ఇళ్ళకి, వెండెల్ గారూ."

ఆవిడ ఓపిగ్గానే వివరించింది. మైదానంలో ఫిరంగులు పేలుస్తారు, హెలికాప్టర్లు తిప్పుతారు. కంచె పక్కన వందల ఇళ్ళు లేస్తే, వచ్చినవాళ్ళు చప్పుడని ఫోన్లు చేస్తారు, పొగని ఫోన్లు చేస్తారు. ఫిర్యాదులు పేరుకునే కొద్దీ ఆర్మీ ఒక్కో వైపు శిక్షణ మానుకోవాల్సి వస్తుంది. అందుకని ఇళ్ళు రాకముందే వాళ్ళు ఇరుగుపొరుగుతో ఒప్పందం చేసుకుంటున్నారు. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ పొడుగాకు పైన్ చెట్లలో తప్ప ఇంకెక్కడా బతకని వడ్రంగి పిట్ట ఒకటుంది. బయట అడవులు పోతున్న కొద్దీ ఆ పిట్టలన్నీ మైదానంలోకే చేరి, సైనికులు వాటిని తప్పించుకుంటూ తిరగాల్సి వస్తోంది. బయట కూడా వాటికి చోటు దొరికితే లోపల వీళ్ళకి చోటు దొరుకుతుంది.

విడివిడిగా చూస్తే ప్రతి మాటా అర్థమైంది. కలిపి చూస్తే మాత్రం సరుకు లేని రసీదు చేతిలో పెట్టినట్టుంది వెండెల్‌కి. ఫిరంగులు పేల్చేవాళ్ళు పిట్టలకి ఇల్లు వెతకడమేమిటి? లేని ఇంటికి ధర ఎలా కడతారు? ఒక ఇల్లు కట్టనందుకు ఇంత అంటే, రెండు కట్టనందుకు రెట్టింపా?

ఆ మధ్యాహ్నం కొట్టు ముందు బండి ఆపిన హోరేస్ లాక్లియర్‌కి ఈ సంగతి చెప్పాడు. హోరేస్ పైన్ ఆకు పోగుచేసి కట్టలు కట్టి, పట్నం వాళ్ళ పూలమొక్కల మొదళ్ళలో పరుచుకోవడానికి అమ్ముతాడు. వెండెల్‌తో బడి నాటి స్నేహం.

"కట్టని ఇళ్ళకి డబ్బిస్తారా? నేను నా జన్మలో ఎన్ని ఇళ్ళు కట్టలేదో లెక్క లేదు. నాకెంతొస్తుందో కనుక్కో," అన్నాడు హోరేస్.

వెండెల్ నవ్వాడు గానీ, బేరం వదులుకునే స్థితిలో లేడు. దానికి కారణం అతని అక్క ఎర్నెస్టీన్.

తండ్రి ఆ భూమిని ఇద్దరి పేరునా ఉమ్మడిగా వదిలి పోయాడు. బడి వంటశాలలో పనిచేసి రిటైరైన ఎర్నెస్టీన్ ఆ భూమిలోనే, తల్లిదండ్రుల ఇంట్లో ఒంటరిగా ఉంటోంది. భార్య తనని వదిలి షార్లెట్ నగరానికి వెళ్ళిపోయినప్పటి నుంచీ వెండెల్ కాపురం ఊళ్ళో కొట్టు వెనకున్న రెండు గదుల్లో. కిందటేడు ఇళ్ళు కట్టే కంపెనీ ఒకటి ఎర్నెస్టీన్ సగం కొంటామని వచ్చింది. సగమే కదా అని ఊరుకోవడానికి లేదు. ఉమ్మడి భూమిలో సగం బయటివాడి చేతికి పోతే, వాడు కోర్టుకెక్కి మొత్తం వేలం వేయిస్తాడు. వేలంలో వాడే పాడుకుంటాడు. ఆ తాలూకాలో మెక్‌లారిన్లలాంటి నల్లవాళ్ళ కుటుంబాలు ఎన్నో తాతల నాటి భూములు పోగొట్టుకున్నది అలాగే. అక్క సగం కొనే స్తోమత వెండెల్‌కి లేదు. టెస్ బేరం కుదిరితే, వచ్చిందంతా అక్క చేతిలో పెట్టి ఆమె సగం తన పేరున రాయించుకోవచ్చు. భూమి ముక్కలు కాకుండా నిలుస్తుంది. అతను చూసుకున్నది అంతే.

అక్కకి ఆ భూమంటే ఇష్టం లేదని కాదు. ఇల్లు పాతకాలపుది, ఇటుక దిమ్మెల మీద ఎత్తుగా కట్టింది. ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి. "నాకు భూమి మీద కోపం లేదురా, మెట్ల మీద ఉంది," అని కంపెనీవాడి కాగితం చూపిస్తూ చెప్పింది. వేసవి దాటే వరకు ఆగుతానంది. ఆ తర్వాత సంతకం పెట్టేస్తానంది. అన్నమాట మీద నిలబడే మనిషి ఆమె.

ఏప్రిల్‌లో టెస్ భూమి చూడటానికి వచ్చింది. వెండెల్ వెంట నడిచాడు, కొనేవాడి కళ్ళు ఎక్కడ నిలుస్తాయో చూడటం అతనికి అలవాటు గనుక. రోడ్డు వైపున్న చెట్లు ఒక్కొక్కటీ నిలువుగా, నున్నగా, కరెంటు స్తంభాల్లా ఉంటాయి. ఏ కలప మిల్లువాడైనా వాటి ముందు ఆగిపోతాడు. టెస్ వాటిని దాటుకుని పోయింది. వాగు అవతల పల్లంలో తాతముత్తాతల నాటి చెట్లున్నాయి, తలలు చదునై, కొమ్మలు వంకరపోయి, పూర్వం టర్పెంటైన్ కోసం జిగురు తీసిన గాట్లతో. వాటి దగ్గర ఆవిడ నిలబడిపోయింది. బెరడు మీద అరచెయ్యి పెట్టింది. వేలి కణుపులతో కొట్టి చెవి ఆనించింది. ఫొటోలు తీసింది. వీటి వయసెంతుంటుందని అడిగింది.

"బాగా పాతవమ్మా. లోపల చేవ పుచ్చి ఉంటుంది," అన్నాడు వెండెల్, ఆవిడే కనిపెట్టి అనేకంటే తనే ఒప్పుకోవడం మేలని.

"అవును, పుచ్చే ఉంటుంది," అందావిడ. ఆ గొంతులో సంతోషం స్పష్టంగా వినిపించింది. ఇలాంటివి ఎన్నుంటాయని అడిగింది.

ఆ సంతోషం వెండెల్‌కి కొత్త కాదు. బస్తాలన్నీ వదిలేసి, తడిసిన ఒక్క బస్తా దగ్గరే నిలబడి, దాన్ని పట్టుకుని చూసి, ముక్కు దగ్గర పెట్టుకునే కొనుగోలుదార్లని అతను ఎంతమందినో చూశాడు. ధర దించడానికి సాకు దొరికినవాడి ఆనందం అది. అందుకని ఏవో నాలుగైదు ఉంటాయిలెండి, అంతే అని తేలిగ్గా చెప్పేశాడు. నిజానికి పల్లమంతా అవే.

మళ్ళీ నెలకి ఆర్మీ బేస్‌లో అడవుల పని చూసే ఉద్యోగి ఒకతన్ని వెంటబెట్టుకుని వస్తాననీ, ఆ తర్వాతే ఈ ఏడు ఏ భూములకి డబ్బివ్వాలో వరస నిర్ణయిస్తారనీ చెప్పి వెళ్ళిందావిడ.

వెండెల్ హోరేస్‌ని పిలిచాడు. హోరేస్ కుర్రాళ్ళ సాయంతో రోడ్డు నుంచి వాగు దాకా రాలిన ఆకంతా మట్టి కనిపించేలా ఊడ్చి కట్టలు కట్టించాడు. తర్వాత ఇద్దరూ రంపాలు పట్టుకుని పల్లంలోకి దిగారు. ఏ చెట్టు కోసినా మధ్యలో ఎర్రగా, చివికిపోయి, వేలితో గోకితే రాలిపోతోంది. ఇలాంటివి చూపించి ధర ఎలా అడుగుతాంరా అన్నాడు వెండెల్. హోరేస్‌కి కాసేపు చెయ్యాడలేదు. వాళ్ళ తాత ఈ చెట్లకే జిగురు తీశాడట. అయినా స్నేహితుడి బేరం, స్నేహితుడి చెట్టు అని కోశాడు.

ఎర్నెస్టీన్ వరండాలో కుర్చీ వేసుకుని ఇదంతా చూసింది. పాస్టరు భోజనానికి వస్తున్నాడా ఏమిటి, అడవిని కూడా ఊడవడం మొదలెట్టావని అడిగింది. వెండెల్ నవ్వేశాడు. వాళ్ళమ్మ ఆదివారం చుట్టాలొస్తారంటే ఇసుక వాకిలి గీతలు పడేట్టు ఊడ్చేది, గడ్డిపరక కనిపిస్తే పరువు పోయినట్టే. ఎవరికైనా ఏదైనా చూపించే ముందు తుడిచి పెట్టాలనేది ఆ ఇంట్లో పుట్టిన ఎవరికీ ఇంకొకరు నేర్పాల్సిన పని లేదు. కొట్లో కూడా అతను పురుగు పట్టిన గింజని వేరు చేశాకే బస్తా ముందుకి జరుపుతాడు.

చెప్పిన రోజుకి టెస్ వచ్చింది, వెంట బట్టతల ఉద్యోగి. వెండెల్ ఉతికిన చొక్కా తొడుక్కుని ఎదురెళ్ళాడు. రోడ్డు వైపు ఊడ్చిన నేల చూసి టెస్, ఆకు లేకపోతే నిప్పు సరిగా పాకదేమోనని ఆ ఉద్యోగితో మెల్లిగా అంది. వాగు దాటాక ఆవిడ అడుగు ఆగిపోయింది. పల్లం ఖాళీగా, ఎండగా ఉంది. మొద్దులు మాత్రం వరసగా ఉన్నాయి, పైన తెల్లగా, నడిమధ్య ఎర్రగా.

టెస్ ఒక మొద్దు మీద కూర్చుంది. "ఇక్కడ చెట్లుండాలి," అంది.

"తీసేశానమ్మా. మీకు నచ్చలేదుగా."

బట్టతల ఉద్యోగి టోపీ తీసి, లోపలికి చూసుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. కొనేవాడు కేకలేస్తే ఏం చెయ్యాలో వెండెల్‌కి తెలుసు, బతిమాలితే ఏం చెయ్యాలో తెలుసు. ఇలా మొద్దు మీద కూర్చుని దాని మీద చెయ్యి వేసి నిమురుతుంటే ఏం చెయ్యాలో తెలియలేదు.

చివరికి ఉద్యోగే చెప్పాడు. ఆ వడ్రంగి పిట్ట బతికున్న పైన్ చెట్టులోనే గూడు తొలుస్తుంది. గట్టి చెట్టుని తొలవడం దానివల్ల కాదు. చేవ పుచ్చిన ముసలి చెట్టే కావాలి దానికి, అందులో కూడా ఏళ్ళ తరబడి తొలిస్తేగాని ఒక గూడు కాదు. మైదానంలో పుట్టిన పిల్ల పిట్టలు పెద్దవై కంచె దాటితే, వాటికి అందే దూరంలో అలాంటి చెట్లున్న చోటు ఇదొక్కటే. టెస్ వరసలో ఈ భూమిని పైన పెట్టింది ఆ పల్లం కోసమే. ఇంకా ఏ చెట్టులోనూ పిట్ట చేరలేదు గనుక సరిపోయిందనీ, చేరి ఉంటే, అది చట్టం కాపాడే పిట్ట గనుక ఇప్పుడు ఇంకో రకం మాటలు మాట్లాడుకోవాల్సి వచ్చేదనీ అన్నాడు.

"పుచ్చినవాటి కోసమా వచ్చింది మీరు?" అన్నాడు వెండెల్.

"పుచ్చినవాటి కోసమే," అంది టెస్.

వెండెల్ మొద్దుల వంకా, అవతల స్తంభాల్లా నిలబడిన మంచి చెట్ల వంకా చూశాడు. ముప్పయ్యేళ్ళు మంచి సరుకు ముందు పెట్టి, చెడ్డ సరుకు వెనక పెట్టి బతికినవాడు. త్రాసు పళ్ళేలు ఎవరో తలకిందులు చేసి, ఇప్పుడు తూచు అన్నట్టుంది. కొన్నే ఉన్నాయని తను చెప్పింది అబద్ధమని కూడా ఆవిడకి ఆ రోజే తెలుసట. నడుస్తూనే లెక్కపెట్టుకుందట. ఈ మనిషి ఉన్నదాన్ని తగ్గించి చెబుతున్నాడే, ఎంత నెమ్మదస్తుడో అనుకుందట.

ఈ ఏడు డబ్బు ఇంకో భూమికి పోతుందని చెప్పింది టెస్. దీన్ని వదిలెయ్యరు. ఇళ్ళు రాకుండా చూడాల్సిన అవసరం ఆర్మీకి అలాగే ఉంది, పిట్టకి ఇంకో దారి కూడా ఉంది. కానీ వచ్చే ఏడు మళ్ళీ వరసలో నిలబడాలి, ఈ భూమి ఎక్కడ నిలబడుతుందో ఇప్పుడే చెప్పలేం. ఇదంతా చెప్పి, "తప్పు నాదండీ వెండెల్ గారూ, ఆ రోజే నోరు తెరిచి చెప్పాల్సింది," అంది.

తిట్టి ఉంటే అతనికి కొంచెం కుదుటగా ఉండేది. సరుకు పాడుచేసింది తను, క్షమించమంటున్నది ఆవిడ. ఈ జమ ఏ ఖాతాలో రాసుకోవాలో తెలియక, తలూపి ఊరుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక చాలాసేపు అక్కడే తిరిగాడు. అక్కకి ఇప్పుడే చెప్పక్కర్లేదని ఒక ఆలోచన వచ్చింది. ఆఫీసు పనులు ఆలస్యమవుతున్నాయని వేసవి గడిపెయ్యొచ్చు. కానీ ఆమె వరండాలోంచి అంతా చూస్తూనే ఉంది, పైగా చిన్నప్పటి నుంచీ అతను ఆమెకి ఏదీ అమ్మలేకపోయాడు. మెట్లెక్కి వంటింట్లోకి పోయి జరిగింది జరిగినట్టు చెప్పాడు.

ఎర్నెస్టీన్ మొక్కజొన్న రొట్టె పెనం దించుతోంది. ఆసాంతం విని, పొయ్యి ఆర్పి, కూర్చుంది.

"అమ్మ నిన్ను మరీ బాగా పెంచింది," అంది. తర్వాత, "వచ్చే ఏడు వస్తుందా?"

"రావచ్చంది. గ్యారంటీ లేదు."

"కంపెనీవాడు రేపు పిలిచినా వస్తాడు."

"తెలుసక్కా."

ఎర్నెస్టీన్ రొట్టె ముక్కలు కోసి ఇద్దరికీ పెట్టింది. తింటూ, ఏదో మాటవరసకి అడిగినట్టు, కొట్టు వెనక గదులకి మెట్లెన్ని అని అడిగింది. మెట్లేముంటాయి, బస్తాల బండి తిన్నగా లోపలికి పోయే నేల అన్నాడు వెండెల్. చర్చి ఎంత దూరమంది. రోడ్డు దాటితే చర్చేనన్నాడు. అక్కడికి వచ్చేసరికి అక్క ఏం తూస్తోందో అతనికి తెలిసింది, కానీ అప్పటికి ఆలస్యమైంది.

"అయితే బట్టలు సర్దుకో. నేనక్కడ, నువ్విక్కడ. ఒక ఏడాది. కొట్టు పొద్దున నేను తీస్తాను, నువ్వు వచ్చి సాయంత్రం మూసుకో. అప్పటిదాకా కంపెనీ కాగితం ముట్టుకోను."

"నేనిక్కడా? నాకిక్కడేం పని?"

"భూమి కావాలన్నావుగా. ఎప్పుడో ఆదివారం పూట వచ్చి చేపల వేపుడు తిని పోయేవాడివి. దూరం నుంచి ఏదైనా బాగానే ఉంటుంది. ఉండి చూడు." మంచినీళ్ళు తాగి గ్లాసు పెట్టింది. "ఇంకోటి. ఈ ఏడాదిలో ఎప్పుడైనా ఇక్కడ ఉండలేనని మళ్ళీ ఊళ్ళోకి చేరావంటే, ఆ రోజే కంపెనీకి ఫోను."

వెండెల్ జీవితంలో చేసిన బేరాలన్నిటిలోనూ అదే తొందరగా ముగిసింది. లాభమెవరికో తేల్చుకునే లోపలే ఒప్పేసుకున్నాడు.

జూన్‌లో ఇళ్ళు మార్చుకున్నారు. ఎర్నెస్టీన్ వచ్చిన వారానికే కొట్లో అరలన్నీ మారిపోయాయి. గిరాకీ పెరిగిందని హోరేస్ చెప్పాడు, ఆమె దగ్గర బేరమాడే ధైర్యం ఎవరికీ లేదట.

ఇక్కడ అడవిలో టెస్ చెప్పిన ఇంకో దారి మొదలైంది. ఆవిడ సంస్థ పంపిన ఇద్దరు మనుషులు నిచ్చెనలు, రంపాలతో వచ్చారు. రోడ్డు వైపు మంచి చెట్లెక్కి, ఒక్కొక్క దాని మానులో రంపంతో చదరంగా తొలిచి, అందులో చెక్కపెట్టె దించి, సందులు మూసి, పిట్ట పట్టేంత కన్నం వదిలారు. పిట్టకి ఏళ్ళు పట్టే పని వాళ్ళు పూటలో చేశారు. వెండెల్ కింద నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా చూశాడు. పిట్ట రాకపోతే ఏమిటని అడిగాడు. రాకపోతే రాదండీ అన్నాడు పైనున్నవాడు, అదేమీ నష్టం కానట్టు.

"నువ్వు పుచ్చినవి కొట్టేశావు, వాళ్ళు మంచివి తొలుస్తున్నారు. మీలో ఎవరు వెర్రివాళ్ళో నాకు తేలట్లేదు," అన్నాడు హోరేస్.

వెండెల్‌కీ తేలలేదు. కానీ మొదటి రెండు వారాలూ హాయిగానే గడిచాయి. నీళ్ళు బాగున్నాయి, గాలి బాగుంది. కొట్టు మూసి వచ్చి వరండాలో కూర్చుంటే భూమంతా తనదేనన్నట్టుండేది.

మూడో వారం సోమవారం పొద్దున అవతల పేల్చడం మొదలెట్టారు.

చప్పుడు సంగతి అతనికి తెలుసు. చిన్నప్పుడు ఆ ఇంట్లోనే పెరిగాడు. ఊళ్ళో కొట్లో ఉన్నా దూరంగా ఉరుము వినిపిస్తూనే ఉంటుంది. కానీ ఇది ఉరుము కాదు. ముందు నేల కదిలేది, తర్వాత కిటికీ, ఆ తర్వాత పళ్ళు. కాఫీ కప్పు బల్ల మీద అంచుకేసి నడిచేది. రెండు చప్పుళ్ళ మధ్య ఎడం ఒక్కలా ఉంటే అలవాటు పడొచ్చు. ఒకటి వస్తుందని ఊపిరి బిగబట్టుకుంటే రాదు, వదిలాక వస్తుంది. మంగళవారం సాయంత్రానికి మనిషి పిచ్చెత్తినట్టయ్యాడు. బుధవారం కొట్టుకి పోకుండా ఇంట్లో కూర్చుని, సూట్‌కేసు వంక చూశాడు. కొట్టుకి పోతే ఇక తిరిగి రాలేనని భయం వేసింది. రాకపోతే భూమి పోయినట్టే.

అప్పుడే బేస్ వాళ్ళకి ఫోన్ చెయ్యొచ్చన్న ఆలోచన వచ్చింది. ఇబ్బందులుంటే చెప్పమని వాళ్ళే పేపర్లో నంబరిస్తారు. ఇక్కడుండటం మానెయ్యక్కర్లేదు, వాళ్ళు కొంచెం తగ్గిస్తే చాలు. తిన్నగా ఆలోచించాననే అనుకుని నంబరు నొక్కాడు.

ఒకమ్మాయి ఎత్తింది, మర్యాదగా. ఏ రోడ్డు నుంచి మాట్లాడుతున్నారని అడిగింది. చెప్పాడు. అటువైపు కంప్యూటర్ మీటలు నొక్కుతున్న చప్పుడు వినిపించింది.

"ఆ రోడ్డు నుంచి ఇదే మొదటి ఫోను, సర్," అందామె. "పాత రికార్డులన్నిటిలో కూడా ఒక్కటీ లేదు. మీ ఇబ్బందేమిటో చెప్పండి, రాసుకుంటాను."

వెండెల్ నోరు తెరిచాడు. ఆ రోడ్డు మీద ఉన్నది ఒక్క ఇల్లే. అమ్మానాన్నా పోయాక ఇన్నేళ్ళూ అందులో ఉన్నది ఒక్క మనిషే, అక్క. ఫిర్యాదు చేసే ఇళ్ళు ఇక్కడికి రాకుండా ఉండటానికి ఆర్మీ డబ్బిస్తానంది. ఆ డబ్బు కోసం తను పల్లమంతా నరికేశాడు. ఆ ఇంటి నుంచి మొట్టమొదటి ఫిర్యాదు చేస్తున్నది కూడా తనే. వాళ్ళు కొనాలనుకుంటున్నది అక్క ఇన్నాళ్ళూ ఊరికే ఇస్తూ వచ్చిందే అయితే, రేపు వచ్చే డబ్బులో తన సగమేమిటి, ఆమె సగమేమిటి? ఆ డబ్బు ఆమె చేతిలో పెట్టి, దానికి బదులుగా ఆమె దగ్గర భూమి రాయించుకుంటే అది కొనడమా, ఇంకేమైనానా? లెక్క మొదలుపెట్టిన ప్రతిసారీ ఒక అంకె జారిపోయింది.

"సర్?"

"ఫిర్యాదు కాదమ్మా. రేపు కూడా పేలుస్తారా అని కనుక్కుందామని."

"శుక్రవారం దాకా ఉంది సర్."

"సరే. కానివ్వండి," అని ఫోన్ పెట్టేశాడు.

కాసేపు ఆగి కొట్టుకి ఫోన్ చేశాడు. ఎర్నెస్టీన్ ఎత్తి, ఎవరో కొనేవాడిని ఆగమని చెప్పి, అతని గొంతు వినగానే అడిగింది.

"ఏం, వచ్చేస్తున్నావా?"

"లేదు."

అటువైపు కాగితాలు కదిలిన చప్పుడైంది. కంపెనీ కాగితం ఆమె ఎక్కడ పెట్టుకుందో వెండెల్‌కి తెలియదు. దాని మీదికి చెయ్యి పోయిందో, దాని మీంచి తీసిందో కూడా తెలియదు.

"అక్కా, ఇన్నేళ్ళలో బేస్‌కి ఒక్కసారైనా ఎందుకు ఫోన్ చెయ్యలేదు?"

"దేనికి?"

"ఈ చప్పుడుకి."

"చేస్తే ఆపుతారా?"

"ఆపరు. రాసుకుంటారు."

"రాసుకుని?"

అవతల మళ్ళీ పేలింది. కిటికీ అద్దం ఊగి, చట్రంలో కుదురుకుంది. ఫోన్లోంచి ఆమెకి కూడా వినిపించినట్టుంది.

"అది చిన్నది," అంది ఎర్నెస్టీన్. "పెద్దవి రేపు. గ్లాసులు తీసి కింద పెట్టుకో."

కొనేవాడు ఎదురుచూస్తున్నాడని ఫోన్ పెట్టేసింది. వెండెల్ బీరువా తలుపు తీశాడు. గ్లాసులు కింద పెట్టమందే గానీ, ఒకదాని పక్కన ఒకటి పెట్టాలో, ఎడంగా పెట్టాలో ఆమె చెప్పలేదు.